ఫోన్‌లో సంత: అమ్మడం, కొనడం గురించి మొదటి మాటలు

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడర్ మాట్లాడినది)

నేను పదో తరగతి వరకే చదువుకున్న. ఆన్‌లైన్‌లో అమ్మడం గురించి చెప్పమంటే ముందు వద్దన్న. లాభం వచ్చినవాళ్ళు చెప్పాలి గానీ పైసలు పోగొట్టుకున్నదాన్ని నేనేం చెప్తా అన్న. అందుకే నువ్వే చెప్పాలె అన్నది అధ్యక్షురాలక్క. సరే.

ఆన్‌లైన్ అంటే మనది కాదు, పట్నం వాళ్ళది అనుకునేవాళ్ళకు ముందు ఒక మాట. మన భద్రాచలంలోనే చూడండి. సీతారాముల కల్యాణం తలంబ్రాలను ఆర్టీసీ కార్గో వాళ్ళు కొన్నేళ్ళుగా ఇళ్ళకు పంపుతున్నరు. 2024లో అయితే 151 రూపాయలు తీసుకున్నరు. ఎక్కడో హైదరాబాద్‌లో కూచున్నామె పైసలు కట్టింది, తలంబ్రాలు బస్సెక్కి పోయినయి. కొన్నామె అమ్మినవాళ్ళ మొహం చూడలేదు, అమ్మినవాళ్ళు ఆమె మొహం చూడలేదు. ఆన్‌లైన్ అంటే ఇంతే. మన భద్రాచలం ఆడవాళ్ళు చేసే చిరుధాన్యాల బిస్కెట్లు, 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో లండన్ దాకా పోతున్నయని 2025 జూన్ 29న మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రి చెప్పిండు. వాళ్ళు కూడా ఒకప్పుడు కూలికి పోయినవాళ్ళే, సంఘంలో చేరి నేర్చుకున్నవాళ్ళే.

సంతలో అయితే కొనేవాళ్ళు చింతపండు గిల్లి చూస్తరు, తేనె చేతి మీద వేసుకుని నాకి చూస్తరు. ఫోన్‌లో ఫొటో ఒక్కటే చూస్తరు. అందుకే ఫొటో మన సరుకుదే ఉండాలె. మా సంఘంలో ఒక చెల్లె ఎక్కడి నుంచో మంచి తేనె సీసా ఫొటో దించి పెట్టింది. మనది పోయినాక "ఫొటోలో ఎర్రగ ఉన్నది, ఇది నల్లగ ఉన్నదేంది" అని వాపసు పంపిండ్రు. పోను ఖర్చు మనదే, రాను ఖర్చు మనదే. చలికి తేనె గడ్డకట్టినా చక్కెర కలిపిన్రంటరు. ఇప్పుడు ప్రతి సీసాతో ఒక చీటీ పెడుతున్నం. చలికి తేనె గడ్డకడుతది, గోరువెచ్చని నీళ్ళల్ల సీసా పెడితే కరుగుతది అని. చీటీ పెట్టినప్పటి నుంచి ఆ గొడవ తగ్గింది.

ఇప్పుడు లెక్క. ఇది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మేము మొదటి నెల దీంట్లోనే బోల్తా పడ్డం. సంతలో గింజ తీసిన చింతపండు కిలో 140 పలుకుతున్నప్పుడు, ఒక యాప్‌లో 210కి అమ్ముడుపోయింది. డెబ్బై రూపాయలు ఎక్కువ వచ్చినయని సంఘంలో చప్పట్లు కొట్టినం. నెల తిరిగినాక మా లెక్కలు రాసే పిల్ల కాగితం తెచ్చి చూపించింది. ఆ 210లో యాప్ వాళ్ళు కోసుకున్నది 30, పార్సిల్‌కు 60. చేతికి వచ్చింది 120. దాంట్లో కవరు, అట్టపెట్టె, టేపు 15 పోతే 105. గింజ చింతపండు కొన్నదానికి 80, కొట్టి గింజ తీసిన కూలి 30, మొత్తం 110 మనం ముందే పెట్టినం. అంటే కిలోకు అయిదు రూపాయలు మన చేతి నుంచి పడ్డది. సంతలో అమ్మితే అదే కిలోకు 30 మిగిలేది.

మరి మానేసినమా? మానలేదు. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండే మా ఊరి పిల్ల చుట్టుపక్కల వాళ్ళను అడిగి, అందరికీ కలిపి వాట్సాప్‌లో ఒకే ఆర్డర్ పెట్టింది. అయిదు కిలోల సంచి 900 రూపాయలు. సంచికి, బస్సు కార్గోకు కలిపి 160 అయింది. మిగిలిన 740ని అయిదుతో భాగిస్తే కిలోకు 148. పెట్టుబడి 110 తీస్తే 38 మిగిలింది. సంత కంటే ఎనిమిది రూపాయలే ఎక్కువ. ఎనిమిదేనా అని నవ్వకండి. రేపు మీ దగ్గర ధరలు వేరే ఉంటయి, పార్సిల్ రేట్లు మారతయి, కానీ లెక్క వేసే పద్ధతి ఇదే. బరువు ఎక్కువ, ధర తక్కువ ఉన్న సరుకును ఒక్కొక్క కిలో పంపితే పార్సిలే తినేస్తది. తేనె, బిస్కెట్ల లాంటివి చిన్న పార్సిల్‌కు ఆగుతయి.

తినే సరుకు అమ్మాలంటే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉండాలె. చిన్న వ్యాపారాలకు ఏడాదికి 100 రూపాయల ఫీజు. పద్నాలుగు అంకెల నంబర్ ఇస్తరు, అది లేబుల్ మీద వెయ్యాలె. బరువు, ధర, ప్యాక్ చేసిన తేదీ, ఎన్నాళ్ళు వాడొచ్చు, మన అడ్రసు కూడా. మీసేవలో అడిగితే వాళ్ళ ఛార్జీ వేరే తీసుకుంటరు, ముందే ఎంతో అడగండి.

జీఎస్టీ నంబర్ లేదని చానామంది ఆగిపోతున్నరు. 2023 అక్టోబర్ 1 నుంచి చిన్న అమ్మకందారులు ఆ నంబర్ లేకున్నా, పాన్ కార్డుతో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని యాప్‌లలో సరుకు అమ్ముకోవచ్చు. కానీ సొంత రాష్ట్రం లోపలే. ఈ రూలు మనకు ఎట్ల తగిలిందో చూడండి. మాది దుమ్ముగూడెం దిక్కు. భద్రాచలం పోవాలంటే మధ్యలో ఆంధ్ర ఊళ్ళు దాటి పోవాలె. 2014లో ఎటపాక అటు పోయింది కదా. ఎటపాకలో ఉన్న మా చిన్నమ్మకు సీసా చేతిలో పెట్టి అన్నం తిని రావచ్చు. అదే ఆమె యాప్‌లో ఆర్డర్ పెడితే పరాయి రాష్ట్రం! ఆదిలాబాద్‌కు మాత్రం పంపొచ్చు. గోదావరి ఒడ్డున కూచుని ఈ రూలు రాసినవాళ్ళు ఎవరూ ఉండరు లెండి.

ఎక్కడ అమ్మాలె అంటే, సంఘాల సరుకుకు ఈ-సరస్ ఉన్నది, గిరిజనుల సరుకుకు ట్రైబ్స్ ఇండియా ఉన్నది, అందరికీ తెలిసిన మీషో, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ ఉన్నయి. ఏది ఎంత కోసుకుంటదో, పైసలు ఎన్ని రోజులకు వేస్తదో అడిగి రాసుకుని చేరండి. అడవి సరుకుకు 1956 నుంచి జీసీసీ ఉన్నది, దానికి పోవడం మానమని నేను చెప్తలేను. ఒక్క గడప మీదే ఆధారపడొద్దు అంటున్న.

ఇగ నా సంగతి. చెప్పడానికి సిగ్గయితున్నది, అయినా చెప్తా.

ఒకరోజు ఫోన్ వచ్చింది. "మేము క్యాంపు క్యాంటీన్ వాళ్ళం, ఇరవై సీసాల తేనె కావాలె" అన్నడు. మన దిక్కు క్యాంపులు ఉన్నయి కదా, నమ్మిన. సీసా 300, మొత్తం ఆరు వేలు. ధర బేరం కూడా ఆడలేదు, అక్కడే అనుమానం రావాలె నాకు. "మా ఆఫీసు పద్ధతి ఇది, కోడ్ పంపుత, స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ ఖాతాలో పడతయి" అన్నడు. ముందు ఒక్క రూపాయికి కొట్టమన్నడు. కొడితే రెండు రూపాయలు తిరిగి వచ్చినయి. ఇంకేంది, నమ్మకం కుదిరింది. ఆరు వేలకు కొట్టిన. వచ్చినయి కాదు, పోయినయి. మళ్ళ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

సంఘం అమ్మకాల పైసలు అప్పుడు నా సొంత ఖాతాలోనే పడేవి. అవి నా పైసలు కావు, తేనె తెచ్చిన పదకొండు మందివి. ఎవరికీ చెప్పలేదు. మా ఇంటాయనకు చెప్తే ఫోన్ గుంజుకుంటడని భయం, సంఘంలో చెప్తే తిన్నదంటరని భయం. పదకొండు రోజులు దాచిన. నెల మీటింగ్‌లో లెక్కలు రాసే పిల్ల అడిగితే అప్పుడు బయటపడ్డది. తిట్టిన్రు. తిట్టలేదని అబద్ధం చెప్పను. ఒకామె అయితే అనకూడని మాటే అన్నది. ఆ తర్వాత 1930కి ఫోన్ చేసినం. వెంటనే చేస్తే వాడి ఖాతాలో పైసలు ఆపే వీలు ఉంటదట, అప్పటికే చేతులు మారిపోయినయని చెప్పిన్రు. మిర్చి ఏరను పోయి, నెలకు వెయ్యి చొప్పున ఆరు నెలలు కట్టిన.

పిన్ అనేది మన ఖాతాలో నుంచి పైసలు బయటికి పంపడానికే. మన ఖాతాలో పడడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. ఇది మీ ఇంట్లో పిల్లలతో గోడ మీద రాయించండి. పోతే మాత్రం, నా లెక్క దాచుకోకండి. ఆ గంటలోనే 1930.

ఆ తర్వాత మేము పద్ధతి మార్చినం. అమ్మకాలకు వేరే ఖాతా తీసినం. ఫోన్‌తో కలిపిన దాంట్లో రెండు వేలకు మించి ఉంచం, వారం వారం సంఘం ఖాతాకు మారుస్తం. పెద్ద ఆర్డర్ వస్తే ఇద్దరం కలిసి మాట్లాడతం. సభ్యులలో కొంతమందికి ఫోన్ కొడుకుది, ఖాతా ఇంటాయనది, తేనె మాత్రం ఆమెది. అట్ల ఉన్నవాళ్ళు ముందు ఖాతా మీ పేరు మీద తెరవండి.

కొనే దగ్గర కూడా ఇదే జాగ్రత్త. మేము ఖాళీ సీసాలు ఆన్‌లైన్‌లోనే తెప్పిస్తం. పెట్టె విప్పేటప్పుడు ఒకరు వీడియో తీస్తరు, పగిలినయి వస్తే అదే సాక్ష్యం. అమ్మేవాళ్ళ పేరు, అడ్రసు, వాపసు రూలు లేని దగ్గర కొనకండి. 2020 రూల్స్ ప్రకారం అవి చూపించాల్సిందే. మాట వినకపోతే 1915కి ఫిర్యాదు చెయ్యొచ్చు. మూడు వందల మిక్సీ, వంద రూపాయల పట్టుచీర అని లింకులు వస్తయి కదా, అవి పక్కింటామెకు పంపకండి, నాకసలే పంపకండి.

చర్ల దిక్కు అక్కలు వెదురు బుట్టల ఫొటోలు తెచ్చినమన్నరు. అన్నాలు తిన్నాక ఆ వేపచెట్టు కింద కూచుందాం, బుట్ట బరువెంత, పార్సిల్‌కు ఎంతయితదో ముందు లెక్క వేద్దాం. పుస్తకం, పెన్ను తెచ్చుకోండి.