నోరు చూపించడానికి సిగ్గెందుకు?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం స్కూలు మాస్టరును. నా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించవలసిందిగా మనవి. కార్యదర్శిగారు నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. "ఈసారికి నోటి గురించి మాట్లాడనివ్వండి సాబ్" అన్నాను. ఎందుకో చెబుతాను.

మా భాయీజాన్ మీలో చాలామందికి తెలిసినవారే. చెంపలో జర్దా కిళ్ళీ లేకుండా ఆయనను చూసిన గుర్తు నాకు లేదు. ఒకసారి చెంప లోపల పుండు పడింది. పాన్‌లో సున్నం ఎక్కువైందన్నారు. తేనె రాశారు, పటిక నీళ్ళు పుక్కిలించారు. ఆరు నెలలు గడిచాయి. మెడలో బిళ్ళ లేచిన తర్వాతగాని ఆసుపత్రికి వెళ్ళలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది. రోజూ ఆయన పక్కన దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తిన్నవాణ్ణి నేను. నాలుగు ముక్కలు చదువుకున్నవాణ్ణి కూడా. అయినా "భాయ్, ఒకసారి నోరు తెరవండి, చూస్తాను" అని ఒక్కనాడు అనలేదు. పెద్దవారిని అలా అడగడం బేఅదబీ అనుకున్నాను. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో నా చెంపలోనూ అదే జర్దా ఉండేది.

నాలుక, చెంప, చిగుళ్ళు, గొంతు, స్వరపేటిక - వీటికి వచ్చే కేన్సర్లను డాక్టర్లు తల, మెడ కేన్సర్లంటారు. మన దేశంలో వీటికి మొదటి కారణం పొగాకు. కాల్చినా, నమిలినా, చెంపలో దాచినా ఒకటే. దానికి మద్యం తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. "మేము జర్దా వేసుకోము, వట్టి వక్కే" అనే అమ్మలకు ఒక మాట. వక్క కూడా కేన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధనా సంస్థ 2003లో ప్రకటించింది. అదేపనిగా వక్క నమిలితే చెంపలు లోపల బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టని కుర్రవాళ్ళను నా క్లాసులోనే చూశాను. గుట్కా పొట్లం చేసిన పని అది.

ఈ జబ్బు మీద జరిగిన పరిశోధనలో మన తెలుగునేలకు పెద్ద పాత్ర ఉంది. శ్రీకాకుళం ప్రాంతంలో చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటును అడ్డపొగ అంటారు. ఆడవాళ్ళలోనూ అది ఎక్కువే. 1966-67లో బొంబాయిలోని టాటా ఫండమెంటల్ రీసెర్చి సంస్థ వారు శ్రీకాకుళంతో సహా అయిదు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి సుమారు 50 వేలమంది నోళ్ళు పరీక్షించారు. ఆ తర్వాత మూడు జిల్లాల్లో 36 వేలమంది పొగాకు వాడకందార్లకు ఏళ్ళ తరబడి నచ్చజెప్పి చూశారు. మానినవారి నోళ్ళలో కేన్సరుకు ముందు వచ్చే తెల్లమచ్చలు పుట్టడం బాగా తగ్గింది. "ఇన్నేళ్ళు నమిలాను, ఇప్పుడు మానితే ఏం లాభం?" అనేవారికి ఇదే జవాబు.

రెండో సంగతి కేరళది. తిరువనంతపురం దగ్గర 13 పంచాయతీల్లో 1996లో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. కొన్ని పంచాయతీల్లో 35 ఏళ్ళు దాటినవారి నోళ్ళను మూడేళ్ళకోసారి చూశారు. మిగతా వాటిలో అలా చూడలేదు. చూసినవాళ్ళు డాక్టర్లు కారు సుమా! తర్ఫీదు పొందిన మామూలు కార్యకర్తలు. 2005లో ఫలితం వెలువడింది. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి కేన్సరు మరణాలు నూటికి 34 వంతులు తగ్గాయి. అలవాటు లేనివారిలో అంతటి మేలు కనబడలేదు. కాబట్టి ముందు చూడవలసింది అలవాటున్నవారి నోళ్ళనే.

ఇక వైద్యం. "కత్తి తగిలితే జబ్బు పాకుతుంది" అనే మాట మన ఇళ్ళలో వింటాం. అది తప్పు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే జబ్బు సంగతి తేలుతుంది. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు నోటి కేన్సరు తొలిదశలో ఉన్న 500 మంది ఫలితాలను 2015లో ప్రకటించారు. మొదటి ఆపరేషనులోనే మెడలోని బిళ్ళలను కూడా తీసివేసినవారిలో మూడేళ్ళ తర్వాత నూటికి 80 మంది బతికి ఉన్నారు. బిళ్ళలు పెరిగాక తీద్దామని ఆగినవారిలో 67 మందే. ముదిరిన జబ్బుకు వాడే ఒక ఖరీదైన మందును మామూలు మోతాదులో పదో వంతు కంటే తక్కువే కలిపి ఇచ్చినా ఆయుష్షు పెరుగుతుందని 2022లో అక్కడివారే చూపించారు. బీదవారికిది మంచి వార్త. అయితే ఏ మందూ ఆలస్యానికి బదులు కాదు.

కాబట్టి నా మనవి ఇది. నెలకోసారి చేతులు కడుక్కుని, మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడండి. కట్టుడుపళ్ళుంటే తీసేయండి. పెదవుల లోపల, చెంపలు, చిగుళ్ళు, అంగిలి, నాలుక రెండు పక్కలు, నాలుక కింద చూసుకోండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, గట్టిపడిన చోటు ఉందా? మూడు వారాల్లో మానని పుండు, తగ్గని గొంతు బొంగురు, మెడలో గడ్డ ఉన్నాయా? ఉంటే తేనె, పటికలతో కాలక్షేపం చేయక డాక్టరు దగ్గరకు వెళ్ళండి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ ఆరోగ్య పథకాల్లో కేన్సరు వైద్యం కూడా ఉంది.

సంఘానికి రెండు కోరికలు. ఏడాదికోసారి దంతవైద్యులను పిలిపించి ఇక్కడే నోటి పరీక్షలు పెట్టించండి. మన పెళ్ళి దావతుల్లో జర్దా కిళ్ళీల పళ్ళెం తిప్పడం మానిపించండి. అతిథి మర్యాదకు సోంపు, యాలకులు చాలవా?

నేను జర్దా మాని నాలుగేళ్ళయింది. మొదటి నెల చాలా కష్టమైంది, అబద్ధమాడను. ఇప్పుడు ప్రతి నెలా మా చిన్నమ్మాయి టార్చి పట్టుకుని "అబ్బా, నోరు తెరవండి" అంటుంది. నేను తెరుస్తాను. మా భాయీజాన్‌ను నేను అడగలేకపోయిన మాటే అది. ఈ రాత్రి మీ ఇళ్ళలో మీ పెద్దలను మీరడగండి. అది బేఅదబీ కాదు.