సమానమను గుర్తు

తెలుగులో ‘కలుపు’ అను క్రియకు రెండర్థములు కలవు. అయిదును ఏడును కలుపుమన్నచో లెక్కలు నేర్చిన బాలుడు పండ్రెండనును. అచ్చుకూటమున అక్షరములు కూర్చువానితో ఆ మాటయే అన్నచో, అయిదు ప్రక్కన ఏడును చేర్చి 57 అని చూపును. ఇరువురిలో తప్పు చేసినవారు లేరు. మనుష్యులకు సందర్భమును బట్టి అర్థము స్ఫురించును. యంత్రమునకు సందర్భముతో పనిలేదు. ఏ పని చేయవలెనో దానికొక గుర్తుతో చెప్పవలెను. కంప్యూటరు భాషలలో ఇట్టి గుర్తులనే ఆపరేటర్లందురు.

ఈ ప్రసంగమునకు పీహెచ్‌పీ అను భాషను ఉదాహరణముగా గ్రహించుచున్నాను. రాస్మస్ లెర్డార్ఫ్ తన వెబ్ పుటల కొరకు కల్పించుకొని, 1995లో లోకమున కందించిన పనిముట్లే పెరిగి పెరిగి యీ భాష యైనవి. మనమొక పుటను కోరినప్పుడు, ఎక్కడనో యున్న సర్వరు ఈ భాషలోని ఆదేశముల ననుసరించి ఆ పుటను అప్పటికప్పుడు కూర్చి పంపును. తెలుగు వికీపీడియాను నడుపుచున్న మీడియావికీ ఈ భాషలో వ్రాసినదే. కావున దీని పేరు వినని తెలుగు పాఠకుడును దీని పనితనమును చూచియే యుండవచ్చును.

ఈ భాషలో సంఖ్యలను కూడుటకు కూడిక గుర్తును, మాటలను అతుకుటకు చుక్కను వాడుదురు. ‘5’, ‘7’ అను అంకెలను మాటలవలె ఉల్లేఖన చిహ్నములలో నుంచినను, నడుమ కూడిక గుర్తున్నచో 12 వచ్చును, చుక్క యున్నచో 57 వచ్చును. జావాస్క్రిప్టులో రెండు పనులకును కూడిక గుర్తొక్కటే. నాకు మాత్రము చుక్కను వేరుపరచుటయే మేలని తోచును. అయినను ఇందులో నొక చిక్కుండెడిది. ‘మొత్తము’ అను మాట, చుక్క, 2, కూడిక గుర్తు, 3 అని వరుసగా వ్రాసినచో, పూర్వము ఈ రెండు గుర్తులకును సమాన హోదా యగుటచే పని ఎడమనుండి సాగెడిది. ముందు ‘మొత్తము2’ అను మాట యేర్పడి, అది సంఖ్య కాదు గనుక సున్నగా మారి, తుదకు 3 మాత్రమే మిగిలెడిది! 2020లో వెలువడిన ఎనిమిదవ కూర్పులో కూడికకు పెద్దపీట వేసిరి. ఇప్పుడు ‘మొత్తము5’ అని వచ్చును. కుండలీకరణములు వాడు అలవాటున్నవారికి నాడును బాధ లేదు, నేడును లేదు.

ఇక సమానమను గుర్తు. బడిలో మనమెరిగిన యీ గుర్తు ఇచట మూడు రూపములలో కనిపించును. ఒంటి గుర్తు పోలిక కాదు, అది ‘ఇందులో దీనిని ఉంచుము’ అను ఆజ్ఞ. జంట గుర్తు విలువలను పోల్చును. ముప్పేట గుర్తు విలువతోపాటు జాతినిగూడ పోల్చును, అనగా సంఖ్యను సంఖ్యతోను, మాటను మాటతోనే సరిచూచును.

జంట గుర్తునకు ఔదార్యము మెండు. దానికి కారణము లేకపోలేదు. వెబ్ పుటలోని గడిలో మన వయస్సును 18 అని నింపినను, అది సర్వరునకు సంఖ్యగా గాక మాటగానే చేరును. దానిని 18 అను సంఖ్యతో పోల్చునపుడు రెండును ఒకటే యనుట సౌకర్యమే. కాని ఆ ఔదార్యమునకు మేర యుండవలెను గదా! ఎనిమిదవ కూర్పునకు పూర్వము సున్నను ‘రాముడు’ అను మాటతో పోల్చినను సమానమే యని జవాబు వచ్చెడిది. ఆ దోషమును 2020లో తొలగించిరి. తొలగనిది వేరొకటి కలదు.

శాస్త్రజ్ఞులు వెయ్యిని ఒకటి, ‘ఇ’ అను ఆంగ్లాక్షరము, మూడు అని వ్రాయుదురు. పదిని మూడుమార్లు హెచ్చవేయుమని దాని భావము. జంట గుర్తు ఈ వ్రాతను చదువనేర్చినది. రెండువైపులను మాటలే యున్నను, అవి సంఖ్యలవలె కనిపించినచో సంఖ్యలుగానే పోల్చును. ఇప్పుడు రహస్యపదముల సంగతి చూడుడు. పూర్వపు పద్ధతిలో రహస్యపదమునకు ఎమ్‌డీ5 అను గణనచే 32 అక్షరముల ముద్రను కట్టి దానినే దాచెడివారు. 240610708 అను అంకెల వరుసకు కట్టిన ముద్రలో మొదట సున్న, పిదప ‘ఇ’, ఆపైన 30 అంకెలు వచ్చును. సున్నను ఎన్నిమార్లు పదితో హెచ్చించినను సున్నయే. ఇట్టి ఆకారముగల ముద్రలన్నియు జంట గుర్తు దృష్టిలో సున్నలే, కావున అన్నియు సమానములే! ఒకరి ముద్ర ఇట్టిదైనచో, వేరొక పదముతో వచ్చిన పరాయివానికిని తలుపు తెరుచుకొనును. లెక్కకట్టి చూచినచో ఇట్టి ముద్ర సుమారు 34 కోట్లలో ఒకటి. అరుదే. కాని ఇట్టి ముద్రనిచ్చు పదములను తీరికగా వెదకి పెట్టుకొన్నవారున్నారు. ఎనిమిదవ కూర్పులోను ఈ పోలిక ఇట్లే జరుగును.

ముప్పేట గుర్తు వాడినచో ఈ మోసము సాగదు. రహస్యపదముల విషయమున నైతే దానినిగూడ ఆశ్రయింపక, 2013నుండి భాషలోనే యున్న ‘పాస్‌వర్డ్ వెరిఫై’ని వాడుట యుక్తము. ఎమ్‌డీ5 ముద్రలే యీ పనికి తగనివని నిపుణులు ఏనాడో తేల్చిరి.

క్రొత్తగా నేర్చువారిని తరచు తికమక పెట్టునది మరొకటి కలదు. ఒక వాక్యములో నొక మాట ఎచ్చట నున్నదో చెప్పు సాధనము స్థానములను సున్ననుండి లెక్కించును. మాట లేనిచో ‘అసత్యము’ అని చెప్పును. ‘తెలుగు భాష’లో ‘తెలుగు’ను వెదకుమన్నచో సున్న యని జవాబు, అనగా మొదటనే యున్నదని. కాని సున్నయు అసత్యమును జంట గుర్తునకు సమానములే గనుక, కన్నులయెదుట నున్న మాట లేదని తేలును. ఇచట ముప్పేట గుర్తు తప్పనిసరి.

ముప్పేట గుర్తు వ్రాసితిమను ధీమాయు పూర్తిగా పనికిరాదు. పట్టికలో నొక విలువ యున్నదా యని చూచు ‘ఇన్ అరే’ లోలోపల జంట పోలికనే చేయును. మూడవ స్థానమున ‘సత్యము’ అని మనము వ్రాసి యిచ్చినగాని కఠినమైన పోలిక జరుగదు. పాతదైన ‘స్విచ్’ నడతయు అంతియే. ఎనిమిదవ కూర్పున చేరిన ‘మ్యాచ్’ మాత్రము మొదటినుండియు ముప్పేట పోలికనే పాటించుచున్నది.