సూది మందు బిడ్డకు పోదు
(కరణ్‌కోట మహిళల కోసం ప్రసంగ పాఠం)



ఒక ఇంటి సంగతి అనుకుందాం. కరణ్‌కోటలో సిమెంటు ఫ్యాక్టరీ దిక్కున ఆ ఇల్లు ఉంది. ఆ ఇంటి కోడలికి ఆరో నెల. తాండూరు సర్కారు దవాఖానకు పోయింది. అక్కడ 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించారు. రెండు గంటలు కూర్చోబెట్టి రక్తం చూశారు. 168 వచ్చింది. ఈ పరీక్షలో 140 గానీ అంతకు మించి గానీ వస్తే కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన చక్కెర బీమారి అంటారు.

రెండు వారాలు తిండి మార్చి చూశారు. చక్కెర దిగలేదు. డాక్టరమ్మ ఇన్సులిన్ సూది రాసింది.

ఇంట్లో అత్త గుండె గుభేలుమంది. ఇంటికి వచ్చిన నర్సమ్మను పట్టుకొని అడిగింది.

"సూది వద్దు బిడ్డా. ఒక్కపారి మొదలువెడితే జన్మంతా సూదేనంట. కడుపుల ఉన్న పోరనికి తగలదా?"

ఆ అత్తది చెడ్డ మనసు కాదు. ఊర్లో ఒకాయనకు సూది మొదలుపెట్టాక కాలు తీసేశారు. ఆమె అది కళ్లారా చూసింది. సూది వచ్చింది, కాలు పోయింది అనుకుంది. కాని జరిగింది వేరు. ఆయనకు మందు ఏళ్ల తరబడి ఆలస్యమైంది. కాలు అప్పటికే పాడైంది. సూది చివరన వచ్చింది. నింద సూది మీద పడింది.

నర్సమ్మ నెమ్మదిగా చెప్పింది.

"పెద్దమ్మా, చక్కెర మాయ దాటి బిడ్డకు పోతది. సూది మందు పోదు."

ఈ మాట అర్థం కావాలంటే కొంచెం లోపలికి పోవాలి. మన కడుపులో క్లోమం అనే గ్రంథి ఉంది. అందులో ఇన్సులిన్ తయారవుతుంది. తిన్న తిండిలోని చక్కెరను ఒంట్లోని కండలకు చేర్చేది అదే. కడుపు పండినాక మాయ కొన్ని రసాలు వదులుతుంది. అవి ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. చాలామంది తల్లుల ఒళ్లు అప్పుడు ఎక్కువ ఇన్సులిన్ చేసుకుంటుంది. కొందరికి అంత చేసుకునే శక్తి ఉండదు. అది ఎవరి తప్పూ కాదు.

తల్లి రక్తంలో మిగిలిన చక్కెర బిడ్డకు చేరుతుంది. బిడ్డ తన ఇన్సులిన్ తానే ఎక్కువగా చేసుకుంటుంది. బరువు పెరుగుతుంది. కాన్పు కష్టమవుతుంది. బొడ్డు కోసిన తర్వాత తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది. బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఉంటుంది. అప్పుడు బిడ్డకు చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. అందుకే పుట్టిన గంటలోపే పాలు పట్టాలి.

ఒకప్పుడు ఈ మందే లేదు. 1921లో కెనడా దేశంలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు దీన్ని పశువుల క్లోమం నుంచి బయటికి తీశారు. 1922 జనవరిలో 14 ఏళ్ల పిల్లవాడికి మొదటిసారి ఇచ్చారు. అంతకు ముందు చిన్నప్పుడే ఈ బీమారి వచ్చిన ఆడపిల్లలు పెరిగి పెద్దయి తల్లులు కావడం చాలా అరుదు.

ఇప్పుడు మందు వేసుకునే సాధనాలు మూడు రకాలుగా ఉన్నాయి.

మొదటిది సిరంజి. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. 40 అని రాసి ఉన్న సీసాకు ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 అని రాసి ఉన్న సీసాకు నారింజ మూత సిరంజి వాడాలి. 100 సీసాలోని మందు ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ మందు లోపలికి పోతుంది. ప్రాణం మీదికి వస్తుంది. సీసా మీద అంకె చదివి, మూత రంగు చూసి, అప్పుడే మందు తీయాలి. అంకెలు నేర్చిన చెయ్యికి ఇది కష్టమేమీ కాదు.

రెండోది పెన్ను. రాసుకునే పెన్నులాగే ఉంటుంది. 1985లో వచ్చింది. వెనక తిప్పితే టిక్కు టిక్కు మంటుంది. కిటికీలో అంకె కనబడుతుంది. డాక్టరు 8 అంటే 8 వచ్చేదాకా తిప్పాలి. సూది చాలా చిన్నది, సన్నది. తొడకు గానీ పొట్టకు గానీ వేసుకోవాలి. రోజూ ఒకే చోట వేయకూడదు.

మూడోది పంపు. చిన్న ఫోనంత డబ్బా, నడుముకు పెట్టుకుంటారు. సన్నని గొట్టం చర్మం కింద ఉంటుంది. రాత్రింబగళ్లు మందు కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది. తినే ముందు మీట నొక్కి ఇంకొంచెం ఇవ్వాలి. రెండు మూడు రోజులకోసారి గొట్టం మార్చాలి. గొట్టం ఊడితే కొన్ని గంటల్లోనే చక్కెర ఎక్కిపోతుంది. ధర లక్షల్లో ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే బతికే తల్లులకు పంపు అక్కరకు వస్తుంది. మనం చెప్పుకునే కోడలికి పంపు అవసరం లేదు. పెన్నో సిరంజో చాలు. ఎంత మంచి యంత్రమైనా తల్లి ఏం తిన్నదో దానికి తెలియదు. రక్తం చూసుకోవడం తప్పదు. పొద్దున తినకముందు 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి.

నెలలు పెరిగేకొద్దీ డాక్టరు మందు పెంచుతారు. బీమారి ముదిరిందని భయపడొద్దు. మాయ పెరుగుతోంది, అంతే.

తిండి సంగతి. "ఇద్దరి తిండి తినాలె" అని అత్త బలవంతం చేసేది. జొన్న రొట్టె మంచిదే. కాని మంచిదని నాలుగు తింటే చక్కెర ఎక్కుతుంది. రొట్టె తగ్గించి పప్పు, ఆకుకూర పెంచాలి. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత పేరున్న పప్పు మన చేలల్లోనే పండుతోంది. చాయ్‌లో చక్కెర మానాలి. ఉపవాసాలు వద్దు.

సూది వేసుకొని తినకుండా చేనుకు గానీ, నాపరాళ్ల పనికి గానీ పోవద్దు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే చక్కెర పడిపోయినట్టు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. తర్వాత ఏదైనా తినాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా దవాఖానకు తీసుకుపోవాలి.

మందు ఎండకు చెడిపోతుంది. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టాలి. గడ్డ కట్టే చోట పెట్టొద్దు. ఫ్రిజ్ లేకపోతే పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టాలి. మందును డబ్బాలో మూసి చిన్న కుండలో దాచాలి. ఇసుక ఆరనియ్యొద్దు.

కాన్పు అయింది, మాయ పడింది. ఆ కోడలికి దవాఖానలోనే సూది ఆపేశారు. చాలామందికి ఇలాగే ఆపుతారు. ముందు నుంచే చక్కెర ఉన్న తల్లికి మాత్రం మందు తగ్గిస్తారు, పూర్తిగా ఆపరు. ఎవరైనా సరే డాక్టరు చెప్పకుండా ఆపొద్దు.

"జన్మంతా సూది అంటిరి గదా పెద్దమ్మా?" అని నర్సమ్మ నవ్వింది.

"నాకేం ఎరుక బిడ్డా, చూసిందే చెప్పిన" అన్నది అత్త.

ఇంకొక పని మిగిలింది. ఈ తల్లులకు ముందు ముందు చక్కెర బీమారి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఆరో వారంలో బిడ్డకు టీకాలు వేయించడానికి పోతాం కదా. అదే వారంలో తల్లికి కూడా గ్లూకోజు పరీక్ష చెయ్యమని అడగాలి. ఆ పొద్దున ఏమీ తినకుండా పోవాలి.