ఋణం మరవని గొంతు: డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్



ఏటా ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు శిష్యులకు నేర్పింది కర్ణాటక సంగీతమే అయినా, వారి ఇంటి రికార్డుల బీరువాకు ఎల్లలు ఉండేవి కావు. ఆ ధైర్యంతోనే ఈ ఏడాది సీమ దాటిన విషయం ఎంచుకున్నాను. లండన్‌లో పుట్టి, అమెరికా నల్లజాతివారి సోల్ సంగీతాన్ని గొంతుకు పట్టించుకున్న గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్. తనది కాని సంప్రదాయంలో పాడేవాళ్లు దానికి ఏం బాకీ పడతారు, ఎలా తీర్చుకుంటారు అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. దానికి నాకు దొరికిన గట్టి జవాబు ఆమె జీవితంలో ఉంది.

అసలు పేరు మేరీ ఓబ్రియన్. 1939 ఏప్రిల్ 16న వెస్ట్ హాంప్‌స్టెడ్‌లో, ఐరిష్ క్యాథలిక్ కుటుంబంలో పుట్టింది. అన్నతోను, మరో మిత్రుడితోను కలిసి 1960లో ‘ది స్ప్రింగ్‌ఫీల్డ్స్’ అనే జానపద బృందంలో పాడింది. ఆ బృందం నాష్‌విల్‌లో రికార్డింగుకు వెళుతూ న్యూయార్క్‌లో ఆగినప్పుడు, ‘ది ఎక్సైటర్స్’ పాడిన ‘టెల్ హిమ్’ ఆమె చెవిన పడింది. ఆ పాటలోని దూకుడు ఆమెను పట్టేసింది. 1963లో బృందం విడిపోయింది. ఆ నవంబరులోనే ఒంటరిగా పాడిన ‘ఐ ఓన్లీ వాంట్ టు బీ విత్ యూ’ బ్రిటన్ పాటల జాబితాలో నాలుగో స్థానానికి వెళ్లింది.

సోల్ అంటే కొత్తగా వినేవారికి ఒక మాట. నల్లజాతివారి చర్చిల్లో భక్తిగా పాడుకునే గాస్పెల్, కష్టాలను నెమరేసుకునే బ్లూస్ కలిసి లౌకిక ప్రేమగీతంలోకి దిగితే వచ్చిన బాణీ అది. అందులో స్వరం ఎంత ముఖ్యమో, స్వరం ఎప్పుడు అందుకోవాలన్నదీ అంతే ముఖ్యం. తాళానికి సరిగ్గా దెబ్బ మీద పడితే పాట చచ్చుబడుతుంది. వెంట్రుకవాసి ఆలస్యంగా పడితే ప్రాణం వస్తుంది.

1960ల లండన్ స్టూడియోల్లో వాద్యకారులు మహా నిపుణులే, కానీ డెట్రాయిట్ సోల్ రికార్డుల్లో బేస్ గిటార్ ఎలా నడుస్తుందో వాళ్లలో చాలామందికి చెవికెక్కలేదు. డస్టీ తనకు కావలసిన నడకను వాళ్లకు విడమరిచి చెప్పేది. కుదిరేదాకా మళ్లీ మళ్లీ వాయించమనేది. రికార్డు మీద నిర్మాతగా జానీ ఫ్రాంజ్ పేరుండేది. పాటకు రూపం ఇవ్వడంలో సగం పని మాత్రం ఆమెదే. ప్రతిఫలంగా దక్కింది ‘ఈమెతో వేగడం కష్టం’ అన్న పేరు. అదే పట్టుదల మగవాడు చూపిస్తే మేధావి అనేవారని నేను గట్టిగా నమ్ముతాను.

ఆమె పనితనం దగ్గరగా చూడాలంటే 1966 నాటి ‘యూ డోంట్ హావ్ టు సే యూ లవ్ మీ’ చాలు. మూలం పీనో డొనాజియో కట్టిన ఇటాలియన్ పాట. గదిలో గొంతుకు వస్తున్న ప్రతిధ్వని ఆమెకు నచ్చలేదు. మైకును మెట్లదారిలో పెట్టించుకుని, అక్కడ నిలబడి పాడింది. 47 టేకులు అయ్యాయని చెబుతారు. ఆ పాట బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకుంది. ఇప్పుడు విన్నా, పతాకస్థాయిలో గొంతు పైకి లేచేటప్పుడు చుట్టూ ఉన్న ఖాళీ కూడా ఆమెతో పాటు పాడుతున్నట్టే ఉంటుంది.

ఇక బాకీ సంగతి. 1964 డిసెంబరులో ఆమె దక్షిణాఫ్రికా వెళ్లింది. తెల్లవాళ్లను, నల్లవాళ్లను వేరుచేసి కూర్చోబెట్టిన సభలో పాడనని ఒప్పందంలోనే రాయించుకుంది. కేప్‌టౌన్ దగ్గర అందరూ కలిసి కూర్చున్న సభలో పాడింది. ప్రభుత్వం ఊరుకోలేదు, దేశం విడిచి పొమ్మంది. ఆనాడు చాలామంది కళాకారులు డబ్బు తీసుకుని, కళ్లు మూసుకుని పాడి వచ్చేవారు. ఆమె అలా చెయ్యలేదు.

మరుసటి ఏడాది డెట్రాయిట్ సోల్ రికార్డుల సంస్థ మోటౌన్ కళాకారులు బ్రిటన్ పర్యటనకు వచ్చినప్పుడు చాలా ఊళ్లలో హాళ్లు సగం కూడా నిండలేదు. 1965 ఏప్రిల్‌లో ప్రసారమైన ‘ది సౌండ్ ఆఫ్ మోటౌన్’ టీవీ కార్యక్రమానికి డస్టీ వ్యాఖ్యాతగా నిలిచింది. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, మిరకిల్స్ బృందాలను, కుర్రవాడైన స్టీవీ వండర్‌ను బ్రిటన్ ఇళ్లలోకి తీసుకొచ్చింది. మోటౌన్ గాయని మార్తా రీవ్స్‌తో గొంతు కలిపింది. తనకు పేరు తెచ్చిన బాణీ అసలు ఎవరిదో, వాళ్లను పక్కన నిలబెట్టి మరీ దేశానికి చూపించింది. ఎంతమంది అంత పని చేశారు?

1968లో అట్లాంటిక్ రికార్డుల సంస్థ ఆమెను మెంఫిస్‌లోని అమెరికన్ సౌండ్ స్టూడియోకు పిలిచింది. నిర్మాతలు జెర్రీ వెక్స్‌లర్, ఆరిఫ్ మార్డిన్, టామ్ డౌడ్. గిటార్ మీద రెజీ యంగ్, బేస్ మీద టామీ కాగ్‌బిల్. వెక్స్‌లర్ మోపెడు పాటలు వినిపిస్తే మొదట ఒక్కటీ ఒప్పుకోలేదు. తీరా పాడవలసి వచ్చేసరికి గొంతు పెగల్లేదు. తాను దేవుళ్లలా చూసుకున్న గాయకుల నిర్మాత ఎదురుగా కూర్చున్నాడు, సోల్ గాయకుడు విల్సన్ పికెట్ వంటివాడు నిలబడిన చోట తాను నిలబడాలి. చివరకు వాద్యాలు మాత్రం మెంఫిస్‌లో ముగించి, ఆమె గాత్రాన్ని న్యూయార్క్‌లో రికార్డు చేశారు. తన గొంతు తనకు వినపడనంతగా హెడ్‌ఫోన్లలో వాద్యాల హోరు పెట్టించుకుని పాడింది. దీన్ని పిరికితనమని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. ఆ సంగీతం విలువ ఎంతో ఎరిగిన మనిషికి కలిగిన భయం అది. ఎరగనివాళ్లకు ఏ భయమూ ఉండదు.

1969లో వచ్చిన ‘డస్టీ ఇన్ మెంఫిస్’ అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో 99వ స్థానం దగ్గరే ఆగిపోయింది. అందులోని ‘సన్ ఆఫ్ ఎ ప్రీచర్ మ్యాన్’ మాత్రం బ్రిటన్, అమెరికా రెండింటిలోనూ తొలి పదిలో నిలిచింది. సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ ముందు వద్దన్న పాట అది. తర్వాత ఆవిడా పాడింది. రెండూ పక్కపక్కన వినండి. అరీతా నిండు ప్రవాహంలా విరుచుకుపడుతుంది. డస్టీ సగం ఊపిరితో, పక్కింటివారికి వినపడకూడదన్నట్టు పాడుతుంది. అనుకరించి ఉంటే ఓడిపోయేది. నేర్చుకున్నది నేర్చుకుని, తన సిగ్గును తనదిగానే నిలుపుకుంది. ఇక్కడున్న యువకుల్లో కొందరు ఈ పాటను 1994 నాటి ‘పల్ప్ ఫిక్షన్’ సినిమాలో విని ఉంటారు.

ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో గ్యాంబుల్, హఫ్ నిర్మాతల జంటతో ‘ఎ బ్రాండ్ న్యూ మీ’ ఆల్బమ్ చేసింది. 1970లోనే తన ఆకర్షణ స్త్రీల వైపు కూడా ఉందని పత్రికకు దాపరికం లేకుండా చెప్పింది. ఆ రోజుల్లో అది వృత్తిని పణంగా పెట్టడమే. ఆ తర్వాత లాస్ ఏంజెలిస్‌లో ఉన్న ఏళ్లు తాగుడుతో, మత్తుమందులతో, తనను తాను గాయపరచుకోవడంతో గడిచాయి. ‘ఇట్ బిగిన్స్ ఎగైన్’, ‘వైట్ హీట్’ వంటి ఆల్బమ్‌లు వచ్చాయి గానీ కొన్నవాళ్లు తక్కువ. 1987లో బ్రిటిష్ పాప్ జంట పెట్ షాప్ బాయ్స్ పట్టుబట్టి పాడించిన యుగళగీతం బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ రెండో స్థానానికి చేరింది. 1990లో ‘రెప్యుటేషన్’, 1995లో ‘ఎ వెరీ ఫైన్ లవ్’ వచ్చాయి. ఈలోగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. 1999 మార్చి 2న ఇంగ్లండ్‌లోని హెన్లీలో కన్నుమూసింది. అదే నెలలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చారు.

99వ స్థానంలో ఆగిన ఆ మెంఫిస్ ఆల్బమ్‌ను 2020లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చింది. మీరు ఇంటికి వెళ్లి ఒక్కటే వినాలనుకుంటే, అందులో ర్యాండీ న్యూమన్ రాసిన ‘ఐ డోంట్ వాంట్ టు హియర్ ఇట్ ఎనీమోర్’ వినండి. పలచని గోడల ఇంట్లో, పక్కవాళ్ల గుసగుసల్లో తన ప్రేమ కూలిపోతున్న సంగతి విన్న మనిషి పాట అది. పల్లవిలో డస్టీ గొంతు పెంచగలిగిన చోట కూడా పెంచదు. ఎందుకు పెంచలేదో, ఏ మాట దగ్గర ఊపిరి తీసుకుందో చెవి ఒగ్గి చూడండి.