కంప్యూటరు తెర ముందు పనిచేసేవారి భద్రత: టెక్సాస్‌లో తెలుసుకోవలసిన విషయాలు

(కాపెల్‌లోని తెలుగు కాంట్రాక్టు ఉద్యోగులను ఉద్దేశించి సంక్షేమ విభాగం చేసిన ప్రసంగ పాఠం)



భద్రత అనగానే మనకు హెల్మెట్టు, బూట్లు, నిచ్చెన గుర్తొస్తాయి. కుర్చీలో కూర్చుని చేసే పనిలో దెబ్బ తగిలేదేముంది అనుకుంటాం. కాపెల్‌లో ఐ.టి. కాంట్రాక్టు మీద ఉన్నవారైనా, గోదాముల ఆఫీసుల్లో బిల్లింగు, డేటా ఎంట్రీ చేసేవారైనా మమ్మల్ని జీతం గురించి, వీసా గురించి అడుగుతారు. చేతి నొప్పి గురించి అడగరు. అడిగేసరికి నెలలు గడిచిపోయి ఉంటాయి. ఆ ఆలస్యం వల్ల ఏం నష్టపోతారో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. బ్రిటన్‌లో 1993 జనవరి 1 నుండి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, తెర ముందు నిత్యం పనిచేసే ఉద్యోగి అడిగితే కంటి పరీక్ష ఖర్చు యజమాని భరించాలి. లండన్‌లో ప్రాజెక్టు చేసి వచ్చినవారు ఇక్కడా అంతే అనుకుంటారు. ఇక్కడ అలా లేదు. అమెరికా ఫెడరల్ భద్రతా సంస్థ, అందరూ ఓషా అని పిలిచేది, ఇలాంటి నొప్పుల నివారణకు 2000 నవంబరులో ఒక నియమావళి తెచ్చింది. 2001 మార్చిలోనే అది రద్దయిపోయింది. కాలిఫోర్నియాకు సొంత నియమం ఉంది, టెక్సాస్‌కు లేదు. ఇక్కడ మిగిలింది 1970 నాటి చట్టంలోని సాధారణ బాధ్యత మాత్రమే: తీవ్రమైన హాని కలిగించే ప్రమాదాలు లేని పనిస్థలం యజమాని కల్పించాలి. అది మీ కుర్చీ ఎంత ఎత్తుండాలో చెప్పదు. ఇంటి నుండి పనిచేస్తుంటే మీ గదిని తనిఖీ చేయడానికి ఓషా రాదు కూడా.

కాబట్టి కొంత మనమే చూసుకోవాలి. తెర పై అంచు మీ కంటి ఎత్తులో గాని, కొద్దిగా కిందికి గాని ఉండాలి. కంటికి, తెరకు మధ్య 20 నుండి 40 అంగుళాల దూరం ఉంచండి. రెండు రకాల చూపున్న కళ్ళజోడు వాడేవారు తెరను ఇంకొంచెం కిందికి దించుకోవాలి, లేకపోతే గడ్డం పైకెత్తి చూసి చూసి మెడ పట్టేస్తుంది. మోచేతులు ఒంటికి దగ్గరగా, మణికట్టు వంగకుండా, పాదాలు నేలకు ఆని ఉండాలి. కాళ్ళు అందకపోతే కింద ఒక అట్టపెట్టె పెట్టుకున్నా పరవాలేదు. కిటికీ మీ ఎదుట గాని, వెనుక గాని కాకుండా పక్కన ఉండేలా కూర్చోండి. అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్. కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి, విడిగా ఒక కీబోర్డు, మౌసు తగిలించుకోండి. పగలు ఆఫీసు పని, రాత్రి పది గంటలకు హైదరాబాదు టీముతో కాల్. తెర ముందు గడిపే సమయం మీరు లెక్కవేసుకునేదానికంటే ఎక్కువే ఉంటుంది.

విరామం సంగతి గంటల లెక్కన జీతం తీసుకునేవారు ప్రత్యేకంగా వినాలి. పెద్దవాళ్ళకు విరామం ఇచ్చి తీరాలని టెక్సాస్‌లో ప్రైవేటు యజమానులకు చట్టం లేదు. కాని యజమాని 5 నుండి 20 నిమిషాల చిన్న విరామం ఇచ్చినట్లయితే, ఫెడరల్ నిబంధనల ప్రకారం అది పని సమయంలోనే లెక్క. టైం షీటులో దాన్ని మీరే తగ్గించి రాయకండి. ప్రతి ఇరవై నిమిషాలకు కాసేపు దూరంగా ఉన్న వస్తువును చూడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇక నొప్పి మొదలైతే ఏమిటి? బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం, రాత్రి నిద్రలో చేయి మొద్దుబారి మెలకువ రావడం, గ్లాసు పట్టుకుంటే జారిపోవడం కనిపిస్తే డాక్టరును కలవండి. కలిసినప్పుడు మీరు చేసే పని ఏమిటో, రోజుకు ఎన్ని గంటలో చెప్పి రికార్డులో రాయించండి. బామ్ రాసుకుని ఊరుకోవద్దు.

అసలు విషయం ఇక్కడ ఉంది. పని వల్ల వచ్చిన గాయాన్ని 30 రోజుల్లోగా యజమానికి తెలియజేయాలని టెక్సాస్ చట్టం. నెమ్మదిగా వచ్చే ఇలాంటి నొప్పికి, అది పని వల్ల కావచ్చని మీకు తెలిసిన రోజు నుండి లెక్క. తెలిసి ఉండవలసిన రోజు నుండి కూడా లెక్కిస్తారు, అందుకే డాక్టరు ఆ మాట అన్న రోజును వదిలేయకండి. రాష్ట్ర కార్మిక పరిహార విభాగానికి క్లెయిమ్ పెట్టడానికి గడువు ఒక సంవత్సరం. యజమాని అంటే మీ పే స్టబ్ మీద పేరున్న కంపెనీ. మీరు కూర్చునే క్లయింటు ఆఫీసులోని మేనేజరుకు నోటితో చెబితే సరిపోదు, మీ కంపెనీకి ఈ-మెయిల్ పంపండి. ఏ చేయి, ఎప్పటి నుండి, ఏ పని వల్ల, డాక్టరు ఏమన్నారు: ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చాలు. కాపీ మీ సొంత ఈ-మెయిల్‌లో ఉంచుకోండి, ఆఫీసు ఖాతా ఎప్పుడైనా మూతపడవచ్చు. కుర్చీ, బల్ల మార్పులు మాత్రం క్లయింటును కూడా అడగవచ్చు. పంపిన కంపెనీకి, పని చేయించుకునే కంపెనీకి రెండింటికీ భద్రతా బాధ్యత ఉంటుందని ఓషా వైఖరి.

ఇంకో మెలిక. టెక్సాస్‌లో ప్రైవేటు యజమాని కార్మిక పరిహార బీమా తీసుకోవడం ఐచ్ఛికం. ఉందో లేదో ఉద్యోగులకు రాతపూర్వకంగా తెలపాలి. ఉద్యోగంలో చేరిన రోజునే ఆ కాగితం అడగండి. బీమా లేకపోతే, యజమాని నిర్లక్ష్యం వల్ల గాయమైందని కోర్టుకు వెళ్ళే హక్కు ఉంటుంది. బీమా బదులు కంపెనీ సొంత పథకం ఇచ్చి సంతకం అడిగితే, కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గరకే వెళ్ళాలనే షరతు అందులో ఉందేమో చదివి చూడండి.

"చెబితే ప్రాజెక్టు పోతుంది, వీసా పోతుంది" అనే భయం మాకు తెలుసు. అది ఊరికే వచ్చిన భయం కాదు. ఉద్యోగం పోతే హెచ్-1బి వారికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 గడువు ముందే ముగిస్తే అంతవరకే. అయినా తెలియజేయమనే అంటున్నాం. నొప్పి ముదిరి టైపు చేయలేని స్థితి వస్తే ఉద్యోగం ఎలాగూ నిలవదు, అప్పుడు చేతిలో కాగితం కూడా ఉండదు. ఓషా చట్టం వీసాతో సంబంధం లేకుండా కార్మికులందరికీ వర్తిస్తుంది. భద్రత గురించి ఫిర్యాదు చేసినందుకు యజమాని కక్ష సాధిస్తే 30 రోజుల్లో ఓషాకు చెప్పాలి. కనీసం 15 మంది ఉద్యోగులున్న కంపెనీలో, మీ నొప్పి వైకల్యం స్థాయికి చేరితే, వికలాంగుల హక్కుల చట్టం కింద విడి కీబోర్డు, పని మార్పు వంటివి అడగవచ్చు.

ఓషా నంబరు 1-800-321-6742. టెక్సాస్ కార్మిక పరిహార విభాగం 1-800-252-7031. కాపెల్ హ్యూస్టన్‌లోని భారత కాన్సులేటు పరిధిలోకి వస్తుంది. క్లెయిమ్ మీ తరఫున మేము నడపలేము గాని, ఎవరి దగ్గరకు వెళ్ళాలో చెప్పగలం. ఫోన్ చేసే ముందు పాస్‌పోర్టు, కాంట్రాక్టు ప్రతి, చివరి రెండు పే స్టబ్‌లు, మీరు కంపెనీకి పంపిన ఈ-మెయిల్ దగ్గర పెట్టుకోండి.