చమురు ధర, మన మజూరీ



చేమగ్గానికి పెట్రోలు ఎందుకు అని అడుగుతారు. మగ్గానికి అక్కర్లేదండీ, నూలుకు కావాలి. చిలపల నూలు హోసూరుకు లారీలోనే రావాలి. పాలిస్టరు నూలు, మనం వేసే రంగుల్లో చాలామటుకు చమురులోంచి పుట్టినవే. ఆ ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా మన దేశం బయటినుంచే కొంటుంది.

1973లో అరబ్బు దేశాలు సరఫరా బిగించేసరికి కొన్ని నెలల్లోనే ధర నాలుగింతలైంది. అప్పుడే ప్రభుత్వాలు వేరే దారులు గట్టిగా వెతికాయి. 1974లో దొరికిన బొంబాయి హై చమురును రెండేళ్లలో పైకి తీశారు. 1986లో తూత్తుక్కుడిలో గాలిమరలు నిలబెట్టారు. మొన్న 2021లో మన కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలోనే ఓలా కరెంటు స్కూటర్లు తయారుకావడం మొదలైంది. చీరల పోచంపల్లి కాదు, అది తెలంగాణాలో ఉంది!

ధర ఎక్కితే భారం మనకు వెంటనే తగులుతుంది. దిగితే మాత్రం? 2014 తర్వాత చమురు బాగా పడిపోయింది, కేంద్రం సుంకం పెంచుతూ పోయింది, బంకులో అంత దిగలేదు.

అందుకే మేము చెప్పేది, బాడుగ పెరిగిందని మజూరీలో కోస్తే ఒప్పుకోకూడదు. ఆ భారం చీర వెలలో చేరాలి. జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ ద్వారా నూలు తెప్పిస్తే రవాణా ఖర్చు కేంద్రమే భరిస్తుంది. ఇంకా ఆ పథకంలో చేరని సంఘాలవాళ్లు ఈ సభ అయ్యాక మమ్మల్ని కలవండి, కాగితాలు కూర్చొని రాద్దాం.