శాస్త్రంలోనే నిలబడి: రెగీనా యోనాస్ వాదం

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేర జరుగుతోందో ఆ మాస్టారి దగ్గర నేను ఎం.ఏ. చదివాను. ఆయన పాండిత్యం గురించి చెప్పగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. నాకు బాగా గుర్తున్నది ఒకటే. వ్యాసంలో ‘శాస్త్రం ఒప్పుకోదు’ అని రాస్తే, పక్కన ‘ఏ శాస్త్రం? ఎక్కడ?’ అని రాసి కాగితం తిరిగి ఇచ్చేసేవారు. నేటి అంశాన్ని ఆ ప్రశ్నే ఎంపిక చేసింది.

స్త్రీ రబ్బీ, అంటే యూదు మతగురువు, కావడాన్ని శాస్త్రం ఒప్పుకోదన్నవారిని అదే ప్రశ్న అడిగిన మనిషి రెగీనా యోనాస్. ఆమె జీవితకథ మీలో చాలామందికి తెలుసు. 1902లో బెర్లిన్‌లో పేద యూదు కుటుంబంలో పుట్టారు. 1935 డిసెంబరులో ఒఫెన్‌బాఖ్‌లో మాక్స్ డీనెమన్ చేతుల మీదుగా రబ్బీ పట్టా అందుకున్నారు. 1942లో నాజీలు ఆమెను తెరెసియెన్‌ష్టాట్ నిర్బంధ శిబిరానికి తరలించారు. 1944 అక్టోబరులో ఆష్విట్జ్‌కు పంపి చంపారు.

నా తగాదా ఆ పట్టా దగ్గర. యూదుల్లోని ఉదారవాద ఉద్యమం ఆమెకు దాన్ని ప్రసాదించిందనీ, ఆమె సంప్రదాయాన్ని దాటి గెలిచారనీ రాస్తూ వస్తున్నారు. ఉదారవాదమే చాలితే 1922లోనే పని జరిగిపోయేది. ఆ ఏడు అమెరికా సంస్కరణవాద రబ్బీల సమ్మేళనం స్త్రీలకు పట్టా నిరాకరించరాదని తీర్మానించింది. మరుసటి ఏడే సిన్సినాటి హీబ్రూ యూనియన్ కాలేజీ పాలకమండలి కాదంది. అక్కడి విద్యార్థిని మార్తా న్యూమార్క్‌కు పట్టా రాలేదు. యోనాస్ చదివిన బెర్లిన్ యూదు విద్యాలయం హోఖ్‌షూలే కూడా ఉదార సంస్థే. చదువంతా చెప్పి, చివరికి మతబోధకురాలి ధ్రువపత్రంతో సరిపెట్టింది. ఆమె గురువు లేయో బెక్ కూడా అప్పుడు సంతకం చేయలేదు.

ఇక ఆమె 1930 సిద్ధాంతవ్యాసం చూడండి. ‘స్త్రీ రబ్బీ పదవి చేపట్టవచ్చా?’ అన్నదే దాని శీర్షిక. యూదు ధర్మశాస్త్ర చర్చల మహాగ్రంథమైన తాల్ముద్‌ను బోధించే ఆచార్యులు ఎడువార్ట్ బానెత్ దగ్గర రాశారు. సమానత్వం పేరిట పాత నియమాలను పక్కకు నెట్టడం సులువు. ఆమె ఆ పని చేయలేదు. రబ్బీ చేసే పనులను విడదీసి, బోధించడం, ప్రసంగించడం, ధర్మసందేహం తీర్చడం, ఒక్కొక్కదానికీ హలాఖాలో, అంటే యూదు ధర్మశాస్త్రంలో, అడ్డు ఉందా అని వెతికారు. బైబిల్లో తీర్పులు చెప్పిన దెబోరా, తాల్ముద్ పండితులతో వాదించిన బెరూరియా ఆమెకు సాక్షులు. అలవాటు లేకపోవడం, దురభిప్రాయం తప్ప హలాఖాలో దాదాపు అడ్డేమీ లేదని తేల్చారు.

స్త్రీకి వినయ మర్యాదలు ఉండాలని ఆ వ్యాసంలో ఆమె గట్టిగా అంటారు. అది ఛాందసులను మెప్పించే ఎత్తుగడ అని కొందరి వ్యాఖ్యానం. నేను ఒప్పుకోను. జీవితమంతా ఆచారం పాటించిన మనిషి తాను నమ్మినదే రాశారు. డీనెమన్ ఉదారవాదే కదా అంటారా? ఆయన ఆమెను ధర్మశాస్త్రంలోనే పరీక్షించారు. ధర్మశాస్త్ర ప్రశ్నలకు తీర్పు చెప్పగలరని పట్టాలో ధ్రువీకరించారు. ఉదారవాది ఇచ్చినా, ఇచ్చింది శాస్త్రపాండిత్యానికే.

ఎలీసా క్లాఫెక్ 1999లో వెలువరించిన జర్మన్ ప్రతి ఆధారంగా ఆ వ్యాసాన్ని ఇప్పుడు తెలుగులోకి తెస్తున్నాను. యోనాస్ ఉదహరించిన ప్రతి తాల్ముద్ వాక్యానికీ ముందూ వెనకా ఉన్న చర్చను కింద ఇస్తున్నాను. ఆమెకు వ్యతిరేకంగా పోయే వాక్యాలూ అక్కడే ఉంటాయి. దెబోరా భాగం ముగిసింది. తీర్పు చెప్పే అధికారం మీది అధ్యాయం నడుస్తోంది. తాల్ముద్ భాష అయిన అరమాయిక్ చదవగలవారు మీలో ఉంటే, సభ ముగిశాక నన్ను కలవండి.